ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు

మంత్రిగారు నా భయాన్ని సభలో చదివేస్తున్నారని నాకు మార్చి పదకొండో తారీకున తెలిసింది.

ఆ రోజు పొద్దున వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, టీవీ కనపడేలా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. అసెంబ్లీలో ప్రశ్నోత్తరాలు నడుస్తున్నాయి. పోలీసు శాఖనీ మ్యూజియాల శాఖనీ కలిపి చూసే మంత్రి తాళ్ళూరి ఇందుమతిగారు లేచారు. ప్రశ్న మా జిల్లా మ్యూజియం గురించి. మరమ్మతులని మూడేళ్ళ కిందట మూసేశారు కదా, ఎంత ఖర్చు పెట్టారు, ఎప్పుడు తెరుస్తారు అని. ఆవిడ చేతిలో కాగితం లేదు. అంకెలూ తారీకులూ గడగడా చెప్పుకుపోయింది. చెప్పి చెప్పి హఠాత్తుగా ఆగి, ఎడమ చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది.

"అధ్యక్షా, మేడ మీదికి వెళ్ళే మెట్లలో మూడోది కదులుతుంది. పిల్లలు చెయ్యి విదిలించుకుని పరిగెడతారు. ముందు ఆ మెట్టు సంగతి చూస్తాం."

సభలో ఎవరో నవ్వారు. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

ఆ మెట్టు ఏ ఫైల్లోనూ లేదు. ఆ మ్యూజియంలో ఇరవై రెండేళ్ళు నేను అటెండరుగా పనిచేశాను. స్టూలు మీద కూర్చుని "ముట్టుకోకండి, ముట్టుకోకండి" అనడమే నా ఉద్యోగం. మా హైమ ఆరేళ్ళప్పుడు బడి వదిలాక నా దగ్గరికి వచ్చి, ఆ మూడో మెట్టు మీంచి పడితే గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి. ఆ మెట్టు నా కళ్ళ ముందు ఇప్పటికీ కదులుతుంది. కదలాలి. నెలన్నరగా కదలడం లేదు. ఎందుకో అప్పుడు అర్థమైంది. అది ఆవిడ కళ్ళ ముందు కదులుతోంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకోవడం కూడా నాదే.

హైమ సచివాలయంలో సెక్షన్ ఆఫీసరు. ఎమ్మెల్యేలు పంపే ప్రశ్నలకి మంత్రిగారి తరఫున జవాబులు రాయడం దాని పని. రాసిన జవాబు చదవడం మంత్రులకి కష్టం కాదు. చిక్కంతా ఆ తర్వాత సభ్యులు అప్పటికప్పుడు లేచి అడిగే అనుబంధ ప్రశ్నలతోనే. అప్పుడు అధికారుల గ్యాలరీలో కూర్చున్నవాళ్ళు చీటీ రాసి మార్షల్ చేతికిస్తే, అతను తీసుకెళ్ళి మంత్రిగారికి ఇవ్వాలి. పోయిన ఏడాది ఒకేసారి రెండు చీటీలు వెళ్ళాయి. విగ్రహాల దొంగతనం కేసులో పట్టుబడ్డ నిందితులు ఎక్కడున్నారని ఒక సభ్యుడు అడిగితే, ఇందుమతిగారు రెండో చీటీ చూసి, "వారిని అద్దాల బీరువాల్లో పెట్టాం అధ్యక్షా, ఆదివారాలు ప్రజలు ఉచితంగా చూడవచ్చు" అనేసింది. వారం రోజులు రాష్ట్రమంతా నవ్వింది. పది రోజులకి డాక్టర్ ఫరీదాగారి ప్రయోగశాలకి డబ్బు మంజూరైంది.

ఆ ప్రయోగం పేరు జత. చెవి వెనక అతికించుకునే రూపాయి కాసంత బిళ్ళలు రెండు. ఒకటి ఫైళ్ళు చదివిన మనిషికి, ఒకటి మంత్రికి. ప్రశ్న మంత్రి చెవిన పడగానే జవాబు ఆ మనిషి తలలో మెరుస్తుంది, మంత్రి నాలుక మీదికి వస్తుంది. అది కుదరాలంటే నలభై ఒక్క రోజులు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి, ఒకే తిండి తిని, ఒకే వేళకి పడుకోవాలి.

"అయ్యప్ప దీక్షలాగానా?" అన్నాను, హైమ చెప్పినప్పుడు.

"అంతేనమ్మా. నల్లబట్టలు మాత్రం అక్కర్లేదు."

పరీక్షకి నన్ను కూడా తీసుకురమ్మన్నారు. ఒక గదిలో నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు. హైమని ఇంకో గదిలోకి తీసుకెళ్ళారు. టీ సగం తాగానో లేదో, లేచి నిలబడ్డాను.

"దానికి అసలే జలుబు. ఆ నీళ్ళలోంచి కాళ్ళు తియ్యమనండి."

డాక్టర్ ఫరీదాగారు నన్ను కాసేపు చూసి తలుపు తీసింది. అవతలి గదిలో హైమ ఐసు ముక్కలున్న బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. డాక్టరమ్మ నా పక్కన కూర్చుంది. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"మేం కొత్తగా దేన్నీ పుట్టించలేదమ్మా. ఏళ్ళ తరబడి కలిసి బతికినవాళ్ళ మధ్య ఉన్నదాన్నే కాస్త పెద్దది చేస్తున్నాం. చిక్కేమిటంటే, ఒక్కో మనిషి తలలో దానికి ఒక్కటే కుర్చీ ఉంటుంది. మీ అమ్మాయి తలలో ఆ కుర్చీలో మీరు కూర్చుని ఉన్నారు."

నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను. ఎనిమిదో తరగతి చదివిన దాన్ని, సెక్షన్ ఆఫీసరు తలలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"మంత్రిగారు కూర్చోవాలంటే మీరు లేవాలి" అంది డాక్టరమ్మ. "లేస్తే మీకు అమ్మాయి గురించి ఈ దడ తగ్గుతుంది. బీపీ కూడా తగ్గుతుంది. కానీ బలవంతంగా లేపం. మీరు ఒప్పుకోవాలి."

నేను ఒప్పుకోనన్నాను. బస్సులో హైమ నా భుజం మీద తల పెట్టుకుంది.

"నువ్వు భయపడకుండా ఒక్క నెల బతికితే చూడాలని ఉందమ్మా నాకు."

"భయపడితే నీకేం నష్టమే? నేను కదా భయపడేది."

అది కిటికీలోంచి బయటికి చూసింది. మర్నాడు నేను సంతకం పెట్టాను. అది అడిగింది కదా అని.

హైమ బిళ్ళ పెట్టుకుని మంత్రిగారి బంగళాకి మారిన పందొమ్మిదో రోజున నేను తెల్లారి ఆరున్నర దాకా ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. లేచాక గుర్తొచ్చింది, ముందు రోజంతా హైమ గురించి ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదని. పళ్ళు తోముకుంటూ కావాలని భయపడడానికి ప్రయత్నించాను. లారీ ఊహించుకున్నాను. కుక్కని ఊహించుకున్నాను. గ్యాసు సిలిండరు ఊహించుకున్నాను. పక్క వీధిలో ఎవరి పిల్లకో జరుగుతున్నట్టు ఉంది తప్ప నా ఒంట్లో ఏమీ కదల్లేదు.

నలుగురూ అది హాయి అంటారు. నాకు కాదు. హైమ నాన్న సైకిలు మీద వస్తూ తెగిపడ్డ కరెంటు తీగ తగిలి పోయినప్పుడు, నేను మ్యూజియంలో స్టూలు మీద కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకు తింటున్నాను. ఆ గంటలో నాకు ఏమీ అనిపించలేదు. ఎంత నిమ్మళంగా ఉన్నానో తలుచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది. ఆ రోజు నుంచి నిమ్మళంగా ఉందంటే ఎక్కడో ఏదో అయిపోయిందనే నా లెక్క.

ఒక శనివారం హైమ ఇంటికి వచ్చింది. కుడిచేతి చూపుడువేలికి కట్టు.

"ఏమైందే?"

"కారు తలుపులో పడిందిలే. బుధవారం."

"బుధవారం ఎన్నింటికి?"

"నాలుగింటికనుకుంటా. ఎందుకు?"

బుధవారం నాలుగింటికి నేను పక్కింటి సుభద్ర చీరకి ఫాల్ కుడుతూ పాట వింటున్నాను.

"మేడం మీటింగు మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చారమ్మా" అంది హైమ, చిన్నగా నవ్వి. "కలెక్టర్లందర్నీ కూర్చోబెట్టి. ఎవరూ చెప్పకుండానే వచ్చేశారు."

నేను లోపలికి వెళ్ళి పోపు పెట్టాను. ఆవాలు మాడిపోయాయి.

నలభై ఒక్క రోజులయ్యాయి, సభ మొదలైంది, మెట్టు సంగతి బయటపడింది. అప్పుడే నేను డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"మీరు లేచారు గానీ నాంచారమ్మగారూ, కుర్చీ ఇంకా వేడిగానే ఉంది" అంది. "ఇరవై తొమ్మిదేళ్ళ వేడి. మంత్రిగారు అందులో కూర్చున్నారు. ఇది మేం అనుకోలేదు."

"అయితే ఆవిణ్ణి లెమ్మనండి."

"ఆవిడే లేవాలి. బిళ్ళలు ఇద్దరూ ఒకే క్షణంలో తీయాలి. ఒక్కరే తీస్తే రెండోవాళ్ళ ప్రాణానికి ముప్పు. బిళ్ళలు పెట్టిన నాటి నుంచి నూరు రోజులు దాటితే ఇక అసలు విడదీయలేం."

నూరు రోజులకి ఇంకా ముప్ఫై మూడు ఉన్నాయి.

ఆ తర్వాతి రోజుల్లో నా భయాలన్నీ ఒక్కొక్కటే ప్రభుత్వ ఉత్తర్వులై పోయాయి. మహిళా పోలీసుల నియామకాల మీద ప్రశ్న వస్తే, సాయంత్రం ఆఖరి బస్సు కదిలేదాకా ప్రతి బస్టాపులో ఒక ఆడ కానిస్టేబులు నిలబడుతుందని ప్రకటించింది. స్టేషన్ల భవనాల మీద ప్రశ్న వస్తే, మూతలేని నూతుల మీద వలలు వేస్తామంది. మ్యూజియాల బడ్జెట్టు మీద చర్చలో ప్రతి మ్యూజియం మెట్లకీ పిల్లల ఎత్తుకి రెండో రెయిలింగు పెడతామంది. ఏ అధ్యయనం ప్రకారం ఇంత ఖర్చు అని ఎవరో అడిగితే, "అనిపించింది అధ్యక్షా" అంది. పేపర్లు ఆవిణ్ణి అమ్మ మంత్రి అన్నాయి.

సుభద్ర పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఎంత ముందుచూపో చూడవే నాంచారమ్మా! కన్నతల్లి కూడా ఇంత ఆలోచించదు."

"టీ తాగుతావా" అన్నాను. పంటి బిగువున.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి రాజధాని వెళ్ళాను. మంత్రిగారి బంగళా వెనక వసారాలో నన్ను కూర్చోబెట్టారు. కాసేపటికి ఆవిడే వచ్చింది. హైమ ఆఫీసు సంచీ చేతిలో ఉంది. నన్ను చూడలేదు. సంచీలోంచి నీళ్ళ సీసా తీసి, మూత బిగించి, తలకిందులుగా పట్టుకుని రెండుసార్లు విదిలించి, చుక్క కారలేదని చూసుకుని మళ్ళీ లోపల పెట్టింది. హైమ ఒకటో తరగతి నుంచీ నేను చేసే పని అది.

"దానికి నీళ్ళు చల్లగా ఉండకూడదు" అన్నాను.

ఉలిక్కిపడి తిరిగింది. టీవీలో కనపడేంత పొడుగు కాదు. కళ్ళ కింద నల్లగా ఉంది. నా కళ్ళ కింద ఆ నలుపు పోయి రెండు నెలలైంది.

"తెలుసు నాంచారమ్మగారూ. గోరువెచ్చగా పోశాను." కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "మీరు వస్తారని అనుకుంటూనే ఉన్నాను."

"నాది నాకు ఇచ్చెయ్యండమ్మా."

ఆవిడ సంచీ ఒళ్ళోకి తీసుకుంది.

"నేను ఇద్దరు మగపిల్లల్ని కన్నాను. ఆయాలు పెంచారు. ఒకడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను ప్రచారంలో ఉన్నాను. ఫోన్లో అడిగాను, బాగానే ఉందన్నారు, మీటింగులో మాట్లాడాను. నాకేమీ అనిపించలేదు. అందరూ గుండె నిబ్బరం అన్నారు. ఇప్పుడు మీ అమ్మాయి మెట్లు దిగుతుంటే నాకు ఊపిరి ఆడటం లేదు. ఇన్నాళ్ళూ నేను బతకలేదండీ."

"మీకు పిల్లలు కావాలంటే మీ పిల్లలున్నారుగా."

"వాళ్ళకి నలభై ఏళ్ళు. వాళ్ళ తలల్లో నాకు కుర్చీ లేదు." ముక్కు తుడుచుకుంది. "నూరు రోజులు కానివ్వండి. దాన్ని నేను చూసుకున్నట్టు ఎవరూ చూసుకోరు."

అంతమాట నాతోనే అంది. చెంప పగలగొట్టాలనిపించింది. చేతిలో మాగాయ సీసా ఉంది, హైమకని తెచ్చింది. అది అక్కడే బల్ల మీద పెట్టి వచ్చేశాను. బస్సెక్కాక, ఆ మాగాయ ఆవిడ కూడా తింటుందని గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

అటునుంచి అటే మా ఎమ్మెల్యే మద్దుల గోవర్ధనరావు ఇంటికి వెళ్ళాను. ప్రతిపక్షం. నేను చెప్పిందంతా విని, కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాడు.

"ఏందక్కా ఇదంతా నిజమేనా? మొన్న అనిపించింది అధ్యక్షా అన్నది ఇందుకా!"

"నిజమే బాబూ. ఆవిడ చేత సభలో ఒప్పించు. నలుగురిలో సిగ్గుపడి వదిలేస్తుంది."

"నక్షత్రం గుర్తు ప్రశ్న వేద్దాం. నక్షత్రం ఉంటే నోటితో జవాబు చెప్పి తీరాలి. మూడు భాగాలుగా రాస్తా, చెప్పు."

అతను రాశాడు. జత ప్రయోగం కింద ఒక అధికారిణిని మంత్రితో జత చేసిన మాట వాస్తవమేనా. అయితే దానికైన ఖర్చెంత. మూడోది మాత్రం నేను చెప్పినట్టే రాయాలని పట్టుబట్టాను. కన్నకూతురి మీద బెంగ పోగొట్టుకున్న తల్లికి జరిగిన నష్టాన్ని పూడ్చడానికి ప్రభుత్వం ఏం చేస్తుంది.

అలా నేను చేసిన తప్పు రెండు వారాల దాకా నాకు తెలియలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం హైమ చెప్పకుండా వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"ఆ ప్రశ్న నువ్వే వేయించావు."

"ఏ ప్రశ్నే?"

"కన్నకూతురి మీద బెంగ పోగొట్టుకున్న తల్లి అని ఏ ఎమ్మెల్యే రాస్తాడమ్మా? చదవగానే నీ గొంతు వినపడింది."

"నువ్వెక్కడ చదివావు?"

"నా టేబుల్ మీద!" అని అరిచింది. "మా శాఖ మీద ప్రశ్న వస్తే జవాబు రాసేది ఎవరనుకున్నావు? మంత్రిగారు రాస్తారనుకున్నావా? నా మీద వేసిన ప్రశ్నకి నేనే జవాబు రాయాలి. నా పేరు నేనే రాసుకుని, నాకైన ఖర్చు నేనే లెక్కగట్టి, మా అమ్మకి ఎంత నష్టమో నేనే తేల్చాలి. సెక్షన్లో అందరూ చదివారు. ప్యూను కూడా."

ఆ సంగతి నాకు తట్టనే లేదు. దాని ఉద్యోగం గురించి ఊరంతా చెప్పుకున్న దాన్ని.

"వెనక్కి తీసుకోమని గోవర్ధనరావుకి చెప్తాను."

"అచ్చయిపోయింది. వచ్చే గురువారం." మెట్టు మీద కూలబడింది. "తొంభై మూడో రోజు."

"నువ్వే ఆవిణ్ణి అడగొచ్చుగా, తీసెయ్యమని."

"ఎలా అడగనమ్మా? అడగబోతే ముందే తెలిసిపోయి ఏడుస్తారు."

పక్కన కూర్చుని దాని వీపు రాశాను. దానికి కోపమో, దిగులో, ఆకలో నాకు తెలియలేదు. ఎప్పుడూ చెయ్యి వెయ్యకుండానే తెలిసేది. అన్నం పెడితే సగం తిని లేచిపోయింది.

గురువారం గోవర్ధనరావు ఇచ్చిన పాసుతో సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. కింద కుడిపక్క అధికారుల గ్యాలరీలో హైమ. ఆకుపచ్చ చీర. చెవి వెనక బిళ్ళ మెరుస్తోంది. మా ప్రశ్న మూడోది.

ఇందుమతిగారు లేచింది.

"అధ్యక్షా, అ: వాస్తవమే. ఆ: ఇంతవరకు రెండు కోట్ల పధ్నాలుగు లక్షలు. ఇ: తల్లికి నిద్ర పడుతోంది, రక్తపోటు అదుపులోకి వచ్చింది. నష్టం జరగలేదు కనుక ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు."

అధికార పక్షం బల్లలు చరిచింది. ఆ జవాబు రాసింది నా కూతురు. ఉత్పన్నం కాదట. నేను హైమ వైపు చూశాను. అది తల దించుకుని కాగితాలు సర్దుతోంది.

గోవర్ధనరావు లేచాడు.

"అధ్యక్షా, తల్లికి నష్టం లేదన్నారు, మంచిదే. మంత్రిగారికి లాభమని అందరికీ తెలుసు. నా అనుబంధ ప్రశ్న ఒక్కటే. ఆ అమ్మాయికి ఏం కావాలో ఎవరైనా అడిగారా?"

మంత్రి చెప్పలేక నీళ్ళు నమలాలని అతని ఎత్తు. ఆవిడ నవ్వుతూ నోరు తెరిచింది. నోట్లోంచి వచ్చిన గొంతు వేరు. మాటలు వేగంగా, చివర్లు మింగేస్తూ వచ్చాయి. మా హైమ మాట తీరు అది.

"లేదు అధ్యక్షా. ఎవరూ అడగలేదు. నేను ఆరేళ్ళప్పుడు మెట్టు మీంచి ఒక్కసారి పడ్డాను. అమ్మ తలలో రోజూ పడుతున్నాను. నేను ఎక్కిన ప్రతి బస్సూ అక్కడ బోల్తా పడుతుంది. అమ్మ ఉలిక్కిపడితే నా కడుపులో తెలుస్తుంది. పరీక్ష హాల్లో తెలిసేది. ఇంటర్వ్యూలో తెలిసేది. అమ్మ కుర్చీలోంచి లేచిన రోజు నేను బాత్రూంలో కూర్చుని ఏడ్చాను, అంత తేలిగ్గా ఉండి. వారం తిరక్కుండా మేడం కూర్చున్నారు. మేడం బస్సులు కూడా బోల్తా పడుతున్నాయి."

ఆవిడ రెండు చేతులతో మైకు పట్టుకుంది. ఆపాలని చూస్తోంది, ఆగడం లేదు.

"అమ్మ మీద కోపం లేదు. మేడం మీద కూడా లేదు. కొన్నాళ్ళు ఆ కుర్చీ ఖాళీగా ఉంచండి. ఎవరూ కూర్చోవద్దు."

హైమ రెండు చేతులతో మొహం కప్పుకుంది. నేను నా భయాల్లో ఏ ఒక్కదాన్నీ ఇంత చెడ్డగా ఊహించుకోలేదు. లారీలూ కుక్కలూ సిలిండర్లూ అన్నీ ఊహించాను. నేనే దాని ఒంట్లో నొప్పినని ఊహించలేదు. ఆ మాట అది నాతో చెప్పలేక, ఆ మనిషి నోటితో చెప్పింది. ముందు ఆవిడకే తెలిసింది. నాకంటే ఒక్క క్షణం ముందు, ఆవిడ నాలుకకి తెలిసింది. అంత బాధలోనూ నాకు అదే గుచ్చుకుంది.

గోవర్ధనరావు తేరుకున్నాడు. "అధ్యక్షా! సభలో మంత్రి నోట వచ్చిన మాట ప్రభుత్వ హామీ. ఖాళీగా ఉంచాలన్నారు. హామీగా నమోదు చెయ్యండి."

సభాపతి కళ్ళజోడు సర్దుకున్నారు. "మంత్రిగారు ఆ మాట వెనక్కి తీసుకోదలిస్తే ఇప్పుడే చెప్పవచ్చు."

ఇందుమతిగారు అధికారుల గ్యాలరీ వైపు చూసింది. ఇంకో ఏడు రోజులు గడిపితే చాలు ఆవిడకి. వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క మాట అంటే చాలు. పెదవులు కదిలాయి. నేను గ్యాలరీ కడ్డీ పట్టుకున్నాను. అను, అను అనుకున్నాను. అంటే ఆవిడ చెడ్డదైపోతుంది కదా, హైమ ముందు.

"నమోదు చెయ్యండి అధ్యక్షా" అంది.

చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చింది. అవతల హైమ కూడా చెయ్యెత్తింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఒకేసారి లాగారు. నేను లేచి నిలబడ్డాను.

"అమ్మా, కూర్చోండి. గ్యాలరీలో నిలబడకూడదు" అన్నాడు మార్షల్.

తర్వాతి ప్రశ్న కానిస్టేబుళ్ళ ఖాళీల మీద. ఇందుమతిగారు తడబడింది, చీటీ కోసం వెనక్కి చూసింది, ఒక జిల్లా అంకె ఇంకో జిల్లాకి చెప్పింది. ప్రతిపక్షం ఘొల్లుమంది. ఆవిడ పట్టించుకోలేదు. కొత్తగా చెవిటిదైన మనిషిలాగా చుట్టూ చూస్తోంది.

సభ వాయిదా పడ్డాక లాబీలో నిలబడ్డాను. ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది. హైమ ఫైళ్ళు గుండెకి హత్తుకుని మెట్లు దిగిపోతోంది, రెయిలింగు పట్టుకోకుండా, రెండేసి మెట్లు. మా ఇద్దరిలో ఎవరి ఒంట్లోనూ ఏమీ కదల్లేదు. ఇద్దరం కళ్ళతో చూస్తున్నాం, అంతే.

"పడుతుందేమో" అంది ఆవిడ.

"పడదు" అన్నాను. నాకూ తెలియదు. కానీ ఆవిడ ముందు తెలియదని ఎలా అంటాను?

వారం తర్వాత డాక్టర్ ఫరీదాగారి దగ్గరనుంచి ఒక కవరు వచ్చింది. మంత్రులతో ప్రయోగం ఆపేశారట. ఇప్పుడు కుర్చీ ఖాళీ, మీరు కోరుకుంటే, అమ్మాయి ఒప్పుకుంటే, బిళ్ళలతో నలభై ఒక్క రోజుల్లో మళ్ళీ మీరు కూర్చోవచ్చు అని రాసింది. లోపల సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది. దాన్ని రెండు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. మూడో రోజు చింపి చెత్తబుట్టలో వేశాను. హైమకి చెప్పలేదు. చెప్పి మెప్పు పొందాలని చాలా ఉంది.

ఇప్పుడు నాకు దాని గురించి ఏమీ తెలియదు. అందరిలాగా ఫోన్ చేసి అడగాలి. అది చెప్పింది నమ్మాలి. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటా పదికి చేశాను.

"అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఏం తిన్నావు?"

"పెరుగన్నం. మాగాయ."

నిజమో అబద్ధమో. ఏ మాగాయ, ఎక్కడిది అని అడగబోయి మింగేశాను. కానీ ఇంకోటి ఆగలేదు.

"ఆవిడ ఫోన్ చేసిందా ఇవాళ?"

"చేశారమ్మా. తిన్నావా అని అడిగారు."

"ఎన్నింటికి?"

"పన్నెండున్నరకి. ఎందుకూ?"

"ఊరికే" అన్నాను.

ఫోన్ పెట్టేసి, గోడ గడియారం కింద స్టూలు మీద కూర్చున్నాను. రేపటి నుంచి పన్నెండింటికే చెయ్యాలి.